నలభై అడుగులు

ఫోను టింగుమంటే
చేతిల ముద్ద చేతిలనే ఆగేది.
హైదరాబాదు ఆఫీసు మెయిలు:
"తేమ ఎంత, లారీలెన్ని, దయచేసి తక్షణం."
తక్షణం పక్కన కూసున్న ఆ దయ
ఎవరి మీదనో నాకు ఇప్పటికీ ఎరుక లేదు.

మిర్యాలగూడల, సాగర్ రోడ్డు మీద
ఉప్పుడు బియ్యం మిల్లు మాది.
మాదంటే నాది గాదు.
ఒక కుర్చీ, ఒక కంప్యూటరు, కీబోర్డు సందులల్ల ఊక,
గదే నాది.
ఆ కుర్చీల కూసోని నిమిషమున్నరల జవాబు కొట్టేదాన్ని.
బస్సుల నిలవడి కొట్టిన.
రాత్రి పన్నెండింటికి దుప్పట్ల నుంచి కొడితే
ఆ వెలుతురుకు మా ఆయన గోడ దిక్కు తిరిగి పండుకునేటోడు.
ఆడపడుచు బిడ్డ పెండ్లిల, పుస్తె కట్టే యాళ్లకు
ఎడమచేత్తోని "నోటెడ్ సార్" కొట్టిన.
కుడిచేతి అక్షింతలు పిడికిట్లనే చెమటకు నానినయి.
అందరు ఏసినంక ఏసిన.
పెండ్లిపిల్ల అప్పటికే లేచింది.

నెల మీటింగుల సార్ నా పేరు చదివిండు.
"పారిజాతను చూసి నేర్చుకోండ్రి,
మెయిలు పోంగనే జవాబొస్తది."
అందరు చప్పట్లు కొట్టిండ్రు.
గా దినం సంది రెండో నిమిషం దాటితే
దొంగతనం చేసినట్టు గుండె కొట్టుకునుడు.

కార్తీకంల ఒకనాడు
మిల్లు గేటు నుంచి పెట్రోలు బంకు దాక ట్రాక్టర్లు.
"పదకొండో లాటు తేమ?"
మీటరు ఆ మూలకున్నది. లేచి పోవాలె, నలభై అడుగులు.
నలభై అడుగులంటే ఒక నిమిషం.
ముందటి కాయితం మీద ఇరవై రెండు కనపడ్డది.
ఇరవై రెండు, అని కొట్టిన.
అది పదో లాటుది.

పదకొండోది దామరచర్ల దిక్కు గుండెబోయిన ముత్తయ్యది.
పదహారున్నర.
రోడ్డు మీద నాలుగు దినాలు ఆరబోసి,
కాలితోని తిరగేసి తిరగేసి
వడ్లతోని తనూ ఎండి తెచ్చిన పదహారున్నర.
"వాపస్" అని మెయిలొచ్చింది.
అదీ నిమిషంలనే.

తప్పు దిద్ది మల్ల రాసిన.
లెక్క తప్పింది నేనే, రైతు కాదని రాసిన.
మీటరు ఫోటో సుత పెట్టిన.
ఇగ ఫోను టింగుమనలే.
ముత్తయ్య ట్రాలీ కింద తువ్వాల పరుసుకొని పండుకున్నడు.
రెండో రాత్రి మంచు పడ్డది.
వడ్ల మీద పట్టా కప్పిండు,
తన మీద కప్పుకోలే.
నలభై ఒక్క గంటలకు సార్ జవాబిచ్చిండు:
"ఓకే."

ముత్తయ్య నన్నేమనలే.
ఆయనకు తెల్వదు,
మిషిన్ చెప్పిందనుకున్నడు.

ఆ దినం ధర్మకాంట కాడ నిలవడి చూసిన.
లారీ ఎక్కుతది, అంకెలు ఎగురుతయి,
లతీఫ్ తాత చీటీ పుస్తకం మూసే ఉంచుతడు.
డ్రైవరు హారను కొడుతడు.
తాత చాయ్ సాసర్ల పోసుకుంటడు, ఊదుతడు,
మల్ల హారను.
అంకెలు నిలవడినంక కలం మూత తీస్తడు.

ఇగ నేను అన్నిటికి ఆగుతనని కాదు.
బాయిలరు కాడి నుంచి ఉప్పలయ్య ఒక్క మిస్డ్ కాల్ ఇస్తే
చెప్పులేసుకోకుంట ఉరుకుత.
ఆవిరి ఎవరి కోసం ఆగదు.
వడ్లు మాత్రం తొట్టిల నానాలె, రాత్రంత.
తొందరపడి ఉడికిస్తే
గింజ కడుపుల తెలుపు అట్లనే మిగులుతది,
కొనేటోడు కొరికి చూసి ఉమ్మేస్తడు.

నిన్న మెయిలొచ్చింది:
"ఈ మధ్య జవాబులు ఆలస్యం.
ఏమైనా ఇబ్బందా? తక్షణం తెలుపగలరు."
సదివిన.
లేచి మీటరు దాక నడిచిన,
ఆడ చూసేదేం లేకున్నా.
నలభై అడుగులు పోను, నలభై రాను.
జవాబు ఇంక రాయలే.
రాస్త.
టిఫిన్ డబ్బల పచ్చిపులుసు అన్నమున్నది.